చలికి పెరడు వణుకుతోందా?

ధనుర్మాసం వచ్చిందంటే మా హొళగుందలో తెల్లవారుజామున ముగ్గు వేయడానికి వాకిట్లోకి రావడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంటుంది. వేళ్లు కొంకర్లు పోయి ముగ్గుపిండి సరిగా జారదు. గీత ఒకచోట సన్నం, ఒకచోట లావు! మనమైతే శాలువా కప్పుకుంటాం, చెవులకు గుడ్డ కట్టుకుంటాం, పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటాం. మరి పెరట్లో ఉన్న టమాటా మొక్క ఏం చేస్తుంది? పాపం, నిలబడ్డచోటే నిలబడి వణుకుతుంది.

"రాయలసీమలో చలేంటి, మొక్కలకు దుప్పట్లేంటి?" అని నవ్వకండి. నేనూ అలాగే నవ్విన దాన్నే. ఆ నవ్వుకు మా అమ్మ దాచిన పది గింజలు పోగొట్టుకున్నాను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ మంచు సంగతి చూద్దాం.

మనం మంచు అని ఒకే మాట అంటాం కానీ మంచుల్లో మూడు రకాలున్నాయి. మా ఊళ్లో పడేది పొద్దున్నే ఆకుల మీద నీటిచుక్కలుగా నిలిచే మంచు. ఎండ రాగానే ఎగిరిపోతుంది. రెండోది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి లాంటి చోట్ల పడేది. అక్కడ కొన్ని ఏళ్లలో చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగి, ఆ నీటిచుక్కలే గడ్డకట్టి ఆకుల మీద ఉప్పు చల్లినట్టు కనిపిస్తాయి. ఇక మూడో రకం మా ఆడపడుచు కూతురు ఉండే చికాగోలోది. పొద్దున లేచి పారతో ఎత్తిపోస్తే తప్ప గుమ్మం దాటలేరట! రకం ఏదైనా పెరటి మొక్కను కాపాడే ఉపాయం మాత్రం ఇంచుమించు ఒకటే. అది తెలిస్తే డబ్బు పెట్టి కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు.

అసలు రాత్రిపూట ఏం జరుగుతుందో చూడండి. పగలంతా మట్టి ఎండను తాగుతుంది. పొద్దు గుంకగానే ఆ వేడిని మెల్లగా పైకి వదిలేస్తుంది. ఆకాశంలో మబ్బు ఉంటే అదే దుప్పటిలా అడ్డుపడుతుంది కాబట్టి ఆ రాత్రి అంత చలి ఉండదు. మబ్బు లేకుండా చుక్కలు మిలమిలా మెరుస్తూ, గాలి ఆడకుండా ఉన్న రాత్రులే మొక్కలకు గండం. వేడంతా సూటిగా ఆకాశంలోకి పోతుంది. అలాంటి రాత్రి ఆకు చుట్టూ ఉన్న గాలి కన్నా ఆకే ఎక్కువ చల్లబడుతుంది. అంటే మనం మొక్కకు కొత్తగా వేడి పుట్టించి ఇవ్వక్కర్లేదు, ఉన్న వేడిని పోనివ్వకుంటే చాలు. మన దుప్పటి చేసే పని కూడా ఇదే కదా!

అలాగని పెరట్లో ఉన్నవాటన్నిటికీ కప్పుతూ కూర్చుంటే మన పని తెల్లారినట్టే. చలిని కోరుకునే కూరలున్నాయి, చలికి జడిసే కూరలున్నాయి. మెంతికూర, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ, కాలీఫ్లవర్, బఠానీ ఇవన్నీ చలిని ఇష్టపడేవే. మా మండలంలో దేవరగట్టు బన్ని ఉత్సవం అంటే దసరా. అది అయిపోగానే ఇవి చల్లేసుకుంటే సంక్రాంతికి చేతికొస్తాయి. క్యారెట్టుకైతే చలి తగిలేకొద్దీ రుచి పెరుగుతుంది. దుంపలోని పిండి పదార్థం కొంత చక్కెరగా మారుతుంది. చక్కెర కలిసిన నీరు తొందరగా గడ్డకట్టదు కాబట్టి మొక్క తనను తాను కాపాడుకోవడానికి చేసుకునే ఏర్పాటు అది. మనకు హల్వాలో చక్కెర కొంచెం మిగులుతుంది!

టమాటా, వంగ, మిరప, బెండ, బీర, సొర, కాకర, దోస, గోంగూర మాత్రం వేడి దేశపు బిడ్డలు. మా ఊళ్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఫోనులో చూస్తే పదిహేను డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ చలికి ఇవి చచ్చిపోవు. కానీ ఎదుగుదల ఆగిపోతుంది. రాత్రి చలి 13 డిగ్రీల కన్నా దిగితే టమాటా పూలలో పుప్పొడి సరిగా తయారవదు, పూలన్నీ రాలిపోతాయి. లేతమొక్కల ఆకుల అడుగుభాగం ఊదారంగుకు తిరుగుతుంది. ఇది చూసి నేను ఒక ఏడాది కంగారుపడి, ఒక అంగట్లో ఇచ్చిన తెగుళ్ల మందు తెచ్చి రెండుసార్లు కొట్టాను. తెగులు ఉంటే కదా పోవడానికి! మట్టి చల్లబడితే వేర్లు భాస్వరాన్ని సరిగా తీసుకోలేవు, అందుకే ఆ రంగు. ఎండలు ముదిరాక కొత్త ఆకులు పచ్చగానే వచ్చాయి. ఆ మందు సీసా ఇంకా అటక మీదే ఉంది, నన్ను వెక్కిరిస్తూ.

ఇప్పుడు నీళ్ల సంగతి. చలికాలంలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. పనులన్నీ తెమిలాక తీరిగ్గా సాయంత్రం నీళ్లు పోస్తాం. ఆకులు రాత్రంతా తడిగా ఉండి తెగుళ్లు పట్టుకుంటాయి. పొద్దున తొమ్మిది, పది గంటల మధ్య పోయండి, ఆకుల మీద కాకుండా మొదట్లో. తడిసిన మట్టి పొడిమట్టి కన్నా ఎక్కువ వేడిని దాచుకుంటుంది. పొద్దున తడిపితే మధ్యాహ్నపు ఎండంతా అందులో నిల్వ అయి రాత్రికి అక్కరకొస్తుంది. మాది నల్లరేగడి. ఎండను బాగా తాగుతుంది కానీ నీళ్లు ఎక్కువైతే బురదై కూర్చుంటుంది. అందుకని వారానికి రెండుసార్లు చాలు. వేలు రెండు కణుపులు గుచ్చి చూసి, తడి తగిలితే ఆ పూటకు మానేయండి.

ఇంకో చిన్న కిటుకు. మిద్దె మీది ట్యాంకులో నీళ్లు రాత్రంతా చల్లబడి, పొద్దున చేయి పెడితే జివ్వుమంటాయి. అవి లేతమొక్కలకు పోయకండి. బోరు నీళ్లు భూమి లోపలి నుంచి వస్తాయి కాబట్టి చలికాలంలో గోరువెచ్చగా ఉంటాయి. బోరు లేకపోతే ముందు రోజు బిందెతో పట్టి ఎండలో పెట్టిన నీళ్లయినా మేలే.

కప్పడానికి ఏం వాడాలి? పాత నూలు చీర, చిరిగిన పంచె, పనికిరాని దోమతెర చాలు. మా వైపు పత్తి ఎక్కువ కాబట్టి పత్తికట్టెకు కొదవ లేదు. మడికి నాలుగు మూలలా, నడుమ రెండు కట్టెలు పాతి వాటి మీదుగా చీర పరచండి. చీర అంచు నేలను తాకాలి, రాళ్లు పెట్టండి. గొడుగులా పైన మాత్రమే కప్పితే పక్కల నుంచి వేడి పోతుంది. గుడ్డ ఆకులకు తగలకూడదు, తగిలినచోట చలి నేరుగా ఆకులోకి దిగుతుంది. పొద్దు గుంకకముందే, మట్టిలో ఇంకా వేడి ఉండగానే కప్పాలి. రాత్రి అన్నాలయ్యాక గుర్తొచ్చి కప్పితే పెద్దగా లాభముండదు. పొద్దున ఎండ పెరట్లో పడగానే తీసేయాలి.

ప్లాస్టిక్ పట్ట వద్దా అంటారేమో. వర్షం వస్తుందంటే గుడ్డ మీద వేసుకోండి. ఒట్టి పట్ట కప్పితే లోపల చెమట పట్టి చుక్కలు చుక్కలుగా ఆకుల మీద పడుతుంది. ఒక రోజు తీయడం మరిచి అలాగే పెళ్లికి వెళ్లారనుకోండి, మన ఎండకు మధ్యాహ్నానికల్లా మొక్కలు పులుసులో వేసినట్టు ఉడికిపోతాయి. గోనెసంచి కూడా నాకు నచ్చదు. మంచుకు తడిసి బరువెక్కి మొక్క నడుం విరుస్తుంది.

చాలామంది మొక్కల మొదట్లో గడ్డి పరవమని చెబుతారు. ఎండాకాలంలో అది అమృతమే. చలికాలంలో మాత్రం నేను ఒప్పుకోను. పగలు ఎండ మట్టికి తగలకుండా ఆ గడ్డే అడ్డుపడుతుంది, రాత్రికి ఇవ్వడానికి మట్టిలో వేడెక్కడుంటుంది? క్యారెట్, ముల్లంగి మడుల్లో పరవండి, ఫరవాలేదు. టమాటా, వంగ దగ్గర మాత్రం జొన్నసొప్ప, ఆకులు అన్నీ పక్కకు లాగి నల్లమట్టి ఎండకు కనబడేలా ఉంచండి. దక్షిణం వైపు ఎండపడే రాతిగోడ ఉంటే మీరు అదృష్టవంతులు. బండలు పగలంతా కాగి రాత్రి చాలాసేపు వెచ్చదనం ఇస్తాయి. నా మిరపనారు ఆ గోడవారనే పోస్తాను. గోడ లేనివారు మసి పట్టిన పాతకుండల్లో నీళ్లు నింపి చీర కింద మొక్కల నడుమ పెట్టుకోండి. నల్లకుండ పగలు బాగా వేడెక్కుతుంది, నీళ్లు ఆ వేడిని మెల్లగా వదులుతాయి.

ఇక ఆ పది గింజల సంగతి.

మా పుట్టిల్లు ఎమ్మిగనూరు అవతల పల్లెటూరు. మా అమ్మ పెరట్లో నేతిబీర పాదు ఉండేది. అంగట్లో దొరికే నేతిబీర కన్నా పొట్టిగా, లేత ఆకుపచ్చగా, పీచు పట్టడానికి చాలారోజులు తీసుకునే రకం. అది అమ్మకు వాళ్ల అమ్మ ఇచ్చిన విత్తనం. 2021లో అమ్మ పోయింది. సామాను సర్దుతుంటే పప్పుల డబ్బా వెనక ఒక మందుసీసాలో, బూడిదలో కలిపి పెట్టిన నల్లటి గింజలు కనబడ్డాయి. లెక్కపెడితే పద్నాలుగు. అన్నావదినలు ఎప్పుడో టౌనుకు వెళ్లిపోయారు, పెరడు బండలతో మూసేశారు. అంటే ఆ విత్తనం ప్రపంచంలో ఆ సీసాలో తప్ప ఇంకెక్కడా లేదు.

2022 డిసెంబరులో నాకు ఆత్రం ఆగలేదు. పది గింజలు తీసి పెరట్లో పెట్టాను. మా అత్తమ్మ అరుగు మీద కూర్చుని చూస్తా, "ఇప్పుడు యాల పెడతాండావు తల్లీ? రథసప్తమి పోనీ. చలిమట్టిలో బీరగింజ లేయదు" అంది. నేను నవ్వి, "మన ఊళ్లో చలెంతమ్మా అత్తమ్మా" అన్నాను. రోజూ సాయంత్రం నీళ్లు కూడా పోశాను, త్వరగా మొలవాలని! పదిహేను రోజులైనా మట్టి పగల్లేదు. చివరికి పుల్లతో తవ్వి చూస్తే గింజలు మెత్తగా కుళ్లి, వేళ్ల మధ్య నలిగిపోయాయి. బీర, సొర, కాకర గింజలు మొలవాలంటే మట్టి వెచ్చగా ఉండాలి. చల్లటి తడిమట్టిలో నిద్రపోతూ నిద్రపోతూనే కుళ్లిపోతాయి. ఆ రోజు పెరట్లో కూర్చుని ఏడ్చాను. అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదేమో.

అత్తమ్మ ఏమీ దెప్పలేదు. "ఇంగా నాలుగుండాయి గదా" అంది అంతే.

2023 జనవరి 28న రథసప్తమి వచ్చింది. ఈసారి ఆమె చెప్పినట్టే చేశాను. నాలుగు గింజలనూ అంచు మాత్రం బండ మీద లేతగా రుద్ది, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. పొద్దున తడిగుడ్డలో మూటకట్టి, నీళ్లు కారకుండా పిండి, ఒక చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను పొయ్యి గట్టు మీద గోడవారన ఉంచాను. పగలు వంట వెచ్చదనం తగులుతుంది. రాత్రి దాన్నే జొన్నల డబ్బాలో నడుమకు పెట్టి మూత వేశాను. రోజుకోసారి మూట విప్పి గాలి తగలనిచ్చి, ఆరితే నాలుగు చుక్కలు చిలకరించాను. ఐదో రోజున మూడు గింజలకు తెల్లటి మొన వచ్చింది. నాలుగోది రాలేదు. ఆ మూడింటినీ పెరుగు డబ్బాల్లో మొన కిందికి వచ్చేలా పెట్టి, పగలు ఎండలో, రాత్రి వంటింట్లో ఉంచాను. రెండేసి ఆకులు వేశాక పెరట్లోకి మార్చాను. ఒకదాన్ని కోడి పీకేసింది. మిగతా రెండూ గోడెక్కాయి.

మొదటి కాయలు కోయడానికి చెయ్యి రాలేదు. పాదుకు రెండేసి మంచి కాయలు విత్తనానికని వదిలేసి, దారం కట్టి, ఇవి ఎవరూ ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ చెప్పాను. కాయ గోధుమరంగుకు తిరిగి, ఊపితే గలగలలాడేదాకా పాదు మీదే ఉంచాలి. ఇప్పుడు నా దగ్గర సీసా నిండా గింజలున్నాయి. అయినా ఒక్క చోటే ఉంచలేదు. మా చెల్లెలికి, పక్కింటి వాళ్లకు, ఆదోనిలో ఉండే మా పిన్నికి తలా ఇన్ని ఇచ్చాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పాత విత్తనం ఉంటే ఒకేసారి అన్నీ పెట్టకండి, సగం ఎప్పుడూ డబ్బాలోనే ఉండాలి.

చికాగో అమ్మాయి సంగతి సగంలో వదిలేశాను కదా. ఆమె వెళ్లిన మొదటి ఏడాది అక్టోబరులో ఒకే ఒక్క రాత్రి చలికి గోంగూర మడంతా నల్లబడి, ఉడికించిన ఆకులా వేలాడిపోయిందట. ఫోన్‌లో ఏడుపు ఒకటే తక్కువ. ఇప్పుడు సెప్టెంబరు దాటగానే గోంగూరంతా కోసి, పచ్చడి చేసి ఫ్రీజరులో దాచుకుంటుంది. కరివేపాకు కుండీలోనే పెంచి, చలి మొదలవగానే ఇంట్లో కిటికీ దగ్గరకు తెచ్చుకుని, నీళ్లు బాగా తగ్గించేస్తుంది. పాలకూర మాత్రం బయటే ఉంటుంది. ఒకసారి దాని మీద మంచు కురిస్తే పాపమని చీపురుతో ఊడ్చిపారేసిందట. మర్నాటి చలిగాలికి ఆకులన్నీ మాడిపోయాయి. ఆ తర్వాతి ఏడాది అలాగే వదిలేసింది. మంచు కరిగాక చూస్తే కింద పాలకూర పచ్చగా ఉంది! కొత్తగా కురిసిన మంచులో గాలి ఎక్కువ ఉంటుంది. దూదిపరుపులా అదే కప్పు. మనం దూదితో చేసే బొంత కూడా అందుకే కదా వెచ్చగా ఉండేది. అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో ఎలియట్ కోల్‌మన్ అనే రైతు అంత చలిలోనూ హీటరు పెట్టకుండా, గాజు లాంటి పాక లోపల మళ్లీ పల్చటి గుడ్డ కప్పి చలికాలమంతా ఆకుకూరలు తీస్తాడు. 1992లో దీని మీద పుస్తకం కూడా రాశాడు. కప్పు మీద కప్పు, అంతే రహస్యం.

చలికి ఆకులు మాడితే వెంటనే కత్తెర పట్టుకోకండి. ఆ మాడిన ఆకులే లోపలి చిగుళ్లకు కొంత అడ్డుగా ఉంటాయి. చలి వెళ్లాక, కొత్త చిగురు ఎక్కడి నుంచి వస్తుందో చూసి అప్పుడు కత్తిరించండి. యూరియా అసలు వేయొద్దు. చలిలో వచ్చే లేతచిగురు ముందు మాడుతుంది, పేనుబంకనూ పిలుస్తుంది.

పేనుబంక అంటే గుర్తొచ్చింది, చిక్కుడు పాదు చూసుకుంటున్నారా? చలికాలం చిక్కుడుకు మంచిదే కానీ నల్లటి పేను పూతకు పట్టిందంటే కాయ నిలవదు. బాగా పట్టిన కొసలు తుంచి కాల్చేయండి. మిగతావాటికి లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి ఎండ తగ్గాక, చీకటి పడేలోగా ఆరిపోయేలా ఆకుల అడుగున చల్లండి. వారం తర్వాత మళ్లీ ఒకసారి.

చలికి ఎర్రబడని టమాటాలు పాదు మీదే ఉంచి ఎదురుచూడకండి. కొంచెం తెల్లబారిన కాయలు కోసి, కాగితంలో చుట్టి, ఒక పండిన అరటిపండుతో కలిపి డబ్బాలో పెట్టండి. వారం, పది రోజుల్లో పండుతాయి. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం రంగూ రాదు, రుచీ రాదు. పూర్తిగా పచ్చిగా ఉన్నవైతే నాలుగు ముక్కలు చేసి, పది పచ్చిమిర్చితో కలిపి రెండు చెంచాల నూనెలో మగ్గించండి. గుప్పెడు వేయించిన వేరుశనగ గింజలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కొంచెం జీలకర్ర, ఉప్పు ముందు రోట్లో దంచి, ఆ తర్వాత టమాటాలు వేసి కచ్చాపచ్చాగా నూరండి. చివరగా ఒక పచ్చి ఉల్లిపాయ వేసి రెండు పోట్లు వేయండి. వేడి జొన్నరొట్టెతో ఎలా ఉంటుందో నేను చెప్పను, మీరే చేసి చూడండి!

అన్నట్టు, ఇవాళ పొద్దున కూడా అత్తమ్మ అడిగింది, "నేతిబీర ఎప్పుడు పెడతావు?" అని, నవ్వుతూనే. రథసప్తమి దాటేదాకా ఆ సీసా మూత తీయనని చెప్పాను.